గిటారు వాదనమున ఎడమచేతి బొటనవ్రేలు



గిటారు నేర్చుకొనుటకు మాయొద్దకు వచ్చు బాలబాలికలు మొదటి దినమున తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "వ్రేళ్ళను ఎక్కడ పెట్టవలెను?" అని. బొటనవ్రేలిని ఎక్కడ పెట్టవలెనని అడిగినవారిని మేమింతవఱకు చూడలేదు. అందుకు కారణము లేకపోలేదు. ఎదుట కూర్చుండి చూచువారికి నాలుగు వ్రేళ్ళే కనబడును. బొటనవ్రేలు వాద్యపు మెడ వెనుక దాగియుండును. అభ్యాసపుస్తకములలో సైతము ఎడమచేతి చూపుడువ్రేలికి 1, నడిమివ్రేలికి 2, ఉంగరపువ్రేలికి 3, చిటికెనవ్రేలికి 4 అని అంకెలు వేయుదురు. బొటనవ్రేలికి సాధారణముగా అంకెయే యుండదు. కంటికి కనబడనిదియు, లెక్కకు రానిదియు నగు ఈ వ్రేలే తక్కిన నాలుగింటి పనిని సుకరముగనో దుష్కరముగనో చేయుచున్నది. దీనిని గూర్చి యింత వివరముగా వ్రాయుటకు మా తప్పిదమొకటి కారణము. ముందుగా దానినే చెప్పుదుము.

కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాయొద్ద గిటారు నేర్చుకొనుచుండెను. అతని తండ్రి యొక పాత గిటారును కొని యిచ్చియుండెను. పలు స్వరములను ఒక్కసారిగా పలికించు పట్టును గిటారువారు కార్డు అందురు. సి, జి, డి అను కార్డులు ఆ బాలునికి నెలదినములలో పట్టుబడినవి. ఎఫ్ కార్డు వచ్చునప్పటికి చిక్కు కలిగెను. ఆ పట్టులో చూపుడువ్రేలు తీగలన్నిటికిని అడ్డముగా పరుండవలెను. అతడెంత నొక్కినను రెండు మూడు తీగలు మూగపోవుచుండెను. "ఇంకను గట్టిగా నొక్కుము" అని మేమంటిమి. అతడు నొక్కెను. బొటనవ్రేలి మొదట నొప్పి పుట్టినదని చెప్పెను. "అలవాటు పడును, నొక్కుము" అని మఱల నంటిమి. ఒకనాడతడు వాద్యమును సంచిలో పెట్టి, "అయ్యగారూ, నా చేయి చిన్నదండి. నాకిది రాదు" అని చెప్పి, తలవంచుకొని వెడలిపోయెను. మేమును ఆ మాటనే నమ్మితిమి.

రెండేండ్లు గడచిన పిమ్మట, మా వీధిలో వీణ నేర్పు వృద్ధురాలొకరు మా యింటికి వచ్చి, మేము వాయించుచుండగా కొంతసేపు చూచి, "నాయనా, వెనుకనున్న ఆ బొటనవ్రేలితో దేనిని పిసుకుచున్నావు?" అని యడిగిరి. మాకు బదులు తోచలేదు. "దానిని తీసి వాయింపుము, చూతము" అనిరి. తీసితిమి. తత్క్షణమే స్వరము చచ్చెను. ఆమె నవ్వి, "పాడునవి ముందటి వ్రేళ్ళు గదా, ఇది కుస్తీ యేల పట్టవలెను?" అనిరి. అంతకాలము మేము మా బలమునంతయు బొటనవ్రేలితో పిసుకుటయందే వెచ్చించుచుంటిమనియు, దానినే ఆ బాలునికిని నేర్పితిమనియు ఆనాడు మాకు తెలిసెను. ఆ బాలుని చేయి చిన్నది కాదు. మా పాఠమే చిన్నది. అతనికి చెప్పక విడిచిన పాఠమును ఈ క్రింద వ్రాయుచున్నాము.

మెడ కొలతలు

గిటారు మెడపై అడ్డముగా అమర్చిన లోహపు కడ్డీలను మన వీణవారి మాటతో మెట్లని పిలుచుదము. నేడు మనము చూచు గిటారునకు ఆకారమును కుదిర్చినవారిలో ముఖ్యుడు స్పెయిను దేశమున అల్మెరియా ప్రాంతపువాడగు ఆంటోనియో డి టోరెస్ అను వాద్యశిల్పి (1817–1892). ఆ సంప్రదాయపు గిటారున తీగ మ్రోగు నిడివి సాధారణముగా 650 మిల్లీమీటర్లు. మెడ మొదట వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు. ఉక్కుతీగల గిటారుల మెడ ఇంతకంటె సన్నము. అందు వెడల్పు తఱచుగా 43 లేక 44 మిల్లీమీటర్లు మాత్రమే.

మెట్ల నడిమి దూరములు సమానముగా నుండవు. తలభాగము నుండి వాద్యపు పొట్టవైపునకు పోవుకొలది అవి తగ్గుచుండును. 650 మిల్లీమీటర్ల తీగకు మొదటి మెట్టు సుమారు 36 మిల్లీమీటర్ల దూరమున నుండగా, పండ్రెండవ మెట్టు సరిగా నడుమ, అనగా 325 మిల్లీమీటర్ల వద్ద నుండును. నాలుగు వ్రేళ్ళును మొదటి నాలుగు మెట్లను వరుసగా ఆక్రమింపవలెనన్న 134 మిల్లీమీటర్ల చోటు కావలెను. అదే పనిని అయిదవ మెట్టు మొదలు ఎనిమిదవ మెట్టు వఱకు చేయుటకు 106 మిల్లీమీటర్లు చాలును. కొలబద్ద తెచ్చి మీరే కొలిచి చూడుడు.

క్రొత్తవారికి మనము మొట్టమొదట నేర్పు పట్టులన్నియు మొదటి మూడు మెట్లలోనివే. అనగా అలవాటు లేని చేతిని అన్నిటికంటె వెడల్పైన చోటునకే ముందుగా పంపుచున్నాము. కావున చేతి విరివి అక్కడనే మిక్కిలి యవసరము. ఆ విరివి బొటనవ్రేలి స్థానమునుబట్టి పెరుగును, తఱుగును.

దీనిని వాద్యము లేకయే పరీక్షింపవచ్చును. మీ చేతనున్న ఈ సంచికను గట్టిగా చుట్టగా చుట్టి, ఎడమచేతితో చీపురుకట్ట పిడిని పట్టినట్లు పట్టుడు. బొటనవ్రేలు చుట్టమీదికి వచ్చి, అఱచేయి దానికి అంటుకొనును. అట్లే యుంచి నాలుగు వ్రేళ్ళను ఎడముగా విప్పుటకు యత్నింపుడు. చిటికెనవ్రేలు కదలనే కదలదు. ఇపుడు బొటనవ్రేలిని క్రిందికి దింపి, చుట్టకు వెనుక, నడిమివ్రేలికి ఎదురుగా నిలిపి, అఱచేతికిని చుట్టకును నడుమ కొంచెము ఖాళీ యుండనిండు. మఱల వ్రేళ్ళను విప్పుడు. ఎంత భేదమున్నదో మీకే తెలియును. చేయి అదే, వ్రేళ్ళవే. మాఱినది బొటనవ్రేలు మాత్రమే.

స్థాన నిర్ణయము

బొటనవ్రేలిని కుదుర్చుటకు ముందు వాద్యమును కుదుర్చవలెను. గిటారు ఒడిలో జాఱిపోవుచుండిన యెడల ఎడమచేయి దానిని మోయవలసివచ్చును. మోయు చేయి వాయింపలేదు. సంప్రదాయమును అనుసరించువారు ఎడమపాదము క్రింద సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తుగల చిన్న పీటను వేసికొని, వాద్యపు నడుమును ఎడమతొడపై నుంచి, మెడను ఏటవాలుగా పైకెత్తి కూర్చుందురు. నిలుచుండి వాయించువారు భుజమునకు పట్టీ వేసికొందురు. పద్ధతి ఏదైనను పరీక్ష యొక్కటే: ఎడమచేతిని పూర్తిగా తీసివేసినను గిటారు కదలక నిలువవలెను.

అటుపిమ్మట ఎడమచేతిని ప్రక్కకు వ్రేలాడవిడిచి, మోచేతి వద్ద మడచి, సహజముగా నున్న ఆ వంపుతోనే మెడవద్దకు తెండు. బొటనవ్రేలు ఈ క్రింది లక్షణములతో నుండవలెను.

మొదటిది: అది మెడ వెనుక భాగమున, వెడల్పునకు ఇంచుమించు నడుమ తాకవలెను. సన్నని తీగలపై వాయించునపుడు కొంచెము పైకిని, లావు తీగలపై వాయించునపుడు కొంచెము క్రిందికిని పోవుట సహజము.

రెండవది: నిలువున చూచినచో అది చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమగాని, నడిమివ్రేలికి సరిగా ఎదురుగాగాని యుండవలెను. మనము గాజుగ్లాసును తేలికగా ఎత్తునపుడు బొటనవ్రేలు తానై వచ్చి నిలుచు చోటు అదియే.

మూడవది: తాకునది వ్రేలి కొనగాని, కణుపుగాని కాక, గోటికి వెనుకనుండు మెత్తని కండ కావలెను.

నాలుగవది: వ్రేలు పైకప్పువైపునకు చూపుచున్నట్లు నిలువుగానో, కొంచెము వాలియో యుండవలెను. మెడ వెంబడి తలభాగమువైపునకు పరుండరాదు.

అయిదవది: దాని కణుపు వెనుకకు విఱిగినట్లు వంగిపోరాదు.

ఆఱవది: అఱచేయి మెడ అంచునకు అంటుకొనరాదు. మణికట్టు ఇంచుమించు తిన్నగా నుండవలెను.

ఇవి కుదిరినచో వ్రేళ్ళు సుత్తుల వలె మెట్లపై నిలువుగా దిగును. అట్లు దిగిన వ్రేలు తన తీగను మాత్రమే తాకును, ప్రక్కతీగను మూగపఱచదు. కార్డులో ఒక తీగ పలుకకున్నయెడల, ఆ తీగను నొక్కు వ్రేలినే కాక దాని ప్రక్క వ్రేలిని కూడ పరీక్షింపుడు. తఱచుగా నేరము ప్రక్కదానిదే.

ఎంత నొక్కవలెను?

తీగను మెట్టుకు తాకించుటకు కావలసిన బలము మనమనుకొనుదానికంటె చాల తక్కువ. అయితే వ్రేలు సరియైన చోట నుండవలెను. మెట్టునకు మిక్కిలి దగ్గఱగా, దానికి కొంచెము వెనుక నొక్కినచో స్వల్పబలము చాలును. రెండు మెట్లకు నడుమగాని, వెనుకటి మెట్టు దగ్గఱగాని నొక్కినచో ఎక్కువ బలము కావలసివచ్చును. అప్పటికిని తీగ జీరబోవచ్చును.

చర్యకు సమానమైన ప్రతిచర్య కలదని న్యూటను 1687లో ప్రకటించిన సూత్రమును మీరు పదార్థవిజ్ఞానమున చదివియున్నారు. ముందునుండి వ్రేళ్ళు నెట్టునపుడు వెనుకనుండి ఏదేని యొకటి ఎదురునిలువవలెను. ఆ పనిని బొటనవ్రేలు ఒక్కటియే చేయవలెనని నియమము లేదు. కుడి ముంజేయి వాద్యపు పొట్టపై వ్రాలి, దానిని దేహమునకు ఆనించియుంచును. ఎడమచేతి బరువు భుజము నుండి వ్రేలాడుచు వ్రేళ్ళను వెనుకకు లాగును. ఈ రెండును కలిసి చాలవఱకు ఆ పనిని చేయగలవు. బొటనవ్రేలు తక్కిన కొంచెమును చూచుకొనుచు, చేతికి దారి చూపుచు నుండిన చాలును.

చేతి నిర్మాణమును బట్టి కూడ ఇది యుక్తము. వ్రేళ్ళను మడచు పెద్ద కండరములు వ్రేళ్ళలో లేవు. అవి ముంజేతిలో నున్నవి. వానినుండి త్రాళ్ళవంటి స్నాయువులు మణికట్టునందలి ఇఱుకైన సొరంగము గుండా వ్రేళ్ళకు పోవుచున్నవి. అదే సొరంగమున ఒక ముఖ్యమైన నాడియు పోవుచున్నది. మణికట్టు మిక్కిలి వంగినపుడు ఆ దారిలో ఒత్తిడి పెరుగును. బొటనవ్రేలు గట్టిగా పిసుకునపుడు తక్కిన వ్రేళ్ళును బిగిసికొనును. చూపుడువ్రేలిని బొటనవ్రేలిని బలముగా ఒత్తి పట్టి, చిటికెనవ్రేలిని వేగముగా ఆడించుటకు యత్నించినచో ఇది మీకు తెలియును.

సరియైన బలమును కనుగొనుటకు ఒక మంచి ఉపాయము కలదు. వ్రేలిని తీగపై ఊరక ఆనించి మీటుడు. "టక్" మను మూగధ్వని వచ్చును. మీటుచునే కొంచెము కొంచెముగా నొక్కుడు, జీరధ్వని వచ్చును. మఱికొంచెము నొక్కగా స్వరము స్వచ్ఛముగా పలుకును. అక్కడనే ఆగుడు. అంతకు మించిన బలము వలన స్వరము మెఱుగుపడదు. పైగా తీగ సాగి శ్రుతి కొంచెము హెచ్చును. ఇదే సరియైన తూకము. ఇప్పుడు మా వృద్ధురాలు పెట్టిన పరీక్షను పెట్టుకొనుడు: బొటనవ్రేలిని మెడనుండి వెండ్రుకవాసి ఎడముగా తీయుడు. స్వరము నిలిచినచో మీ పట్టు సరియైనది.

ఎప్పుడును బొటనవ్రేలిని ఎత్తియే వాయింపుడని మేము చెప్పుటలేదు. ఇది పరీక్ష మాత్రమే.

ఎఫ్ కార్డు సంగతి

ఆ బాలుని ఓడించిన పట్టును ఇప్పుడు విచారింతము. ఎఫ్ కార్డున చూపుడువ్రేలు మొదటి మెట్టు వద్ద ఆఱు తీగలపైనను పరుండును. దీనిని బారు పట్టు అందురు. క్రొత్తవారు ఆఱు తీగలను ఆ యొక్క వ్రేలే సమానముగా నొక్కవలెనని తలంతురు. ఇది భ్రమ. అయిదవ తీగను మూడవ మెట్టు వద్ద ఉంగరపువ్రేలును, నాలుగవ తీగను అదే మెట్టు వద్ద చిటికెనవ్రేలును, మూడవ తీగను రెండవ మెట్టు వద్ద నడిమివ్రేలును నొక్కుచున్నవి. కావున చూపుడువ్రేలు నిజముగా పలికింపవలసినవి ఆఱవదియు, రెండవదియు, మొదటిదియు నగు మూడు తీగలు మాత్రమే. నడిమి మూడింటిని అది ఊరక తాకియున్నను చాలును.

అదియునుగాక, వ్రేలి లోపలివైపు మెత్తగా, కణుపుల వద్ద పల్లములు కలిగియుండును. బొటనవ్రేలి దిక్కుననుండు ప్రక్కభాగము గట్టిగా తిన్నగా నుండును. చూపుడువ్రేలిని ఆ ప్రక్కకు కొంచెము దొర్లించినచో తీగలు పల్లములలో దాగవు. బొటనవ్రేలు మెడ వెనుక కొంచెము క్రిందికి దిగి, చూపుడు నడిమి వ్రేళ్ళకు ఎదురుగా నిలువవలెను. మోచేయి దేహమునకు కొంచెము దగ్గఱగా రావలెను. అపుడు చేతిబరువే పట్టునకు సాయపడును.

మఱియొక సంగతి. మొదటి మెట్టు వద్ద తీగ తలగట్టునకు మిక్కిలి సమీపమున నుండుటచే బిఱుసుగా నుండును. అదే ఆకారమును అయిదవ మెట్టు వద్ద పట్టినచో చోటును తక్కువ, బిఱుసును తక్కువ. కావున బారు పట్టును అయిదవ మెట్టు వద్ద మొదలిడి, అక్కడ కుదిరిన పిమ్మట ఒక్కొక్క మెట్టే క్రిందికి రావలెను. మేము ఆ బాలుని తిన్నగా మొదటి మెట్టునకే పంపితిమి. కడపట ఎక్కవలసిన కొండను మొదటనే ఎక్కుమంటిమి.

తఱచుగా కనబడు దోషములు

పిడికిలి పట్టు: మెడను కఱ్ఱవలె పట్టుట. దీనివలన వ్రేళ్ళు చదునై ప్రక్కతీగలు మూగపోవును.

పరుండు వ్రేలు: బొటనవ్రేలు తలభాగమువైపునకు సాగి పరుండుట. చూపుటకు హాయిగా నుండును గాని చిటికెనవ్రేలు అందవలసిన మెట్టునకు అందదు.

తొంగిచూచుట: తన వ్రేళ్ళను తాను చూచుకొనవలెనని విద్యార్థి గిటారు ముఖమును పైకి త్రిప్పుకొనును. అంతట మణికట్టు మెలివడి, బొటనవ్రేలు చోటు తప్పును. వాద్యము నిలువుగనే యుండవలెను. చూడవలసివచ్చిన తలను కొంచెము వంచవలెను.

వెనుకబడుట: వ్రేళ్ళు అయిదవ మెట్టునకు పోయినను బొటనవ్రేలు రెండవ మెట్టువద్దనే నిలిచిపోవుట. ఇందుకు మన వీణయే గురువు. బొబ్బిలిలో పనసకఱ్ఱతో చెక్కు వీణలను మీలో కొందఱు చూచియుందురు. మైనపు దిమ్మెపై నిలిపిన 24 మెట్లమీద వైణికుని చూపుడు నడిమి వ్రేళ్ళు నడచుచుండగా, బొటనవ్రేలు దండి వెంబడి వానితో కూడ జరుగుచుండును. గిటారునందును చేయి యంతయు ఒక్కటిగా కదలవలెను. కదలుటకు ముందు బొటనవ్రేలు తన ఒత్తిడిని వదలవలెను, పిసికిపట్టినది జరుగలేదు.

నియమమునకు అపవాదములు

ఇంతయు చెప్పిన పిమ్మట, "మేము చూచిన గొప్పవారు కొందఱు బొటనవ్రేలిని మెడమీదికి తెచ్చుచున్నారే!" అని మీరడుగవచ్చును. నిజమే. ఈ వివాదము క్రొత్తది కాదు. సుమారు రెండువందల యేండ్ల క్రిందట పారిసు నగరమున నేపుల్సు పట్టణపువాడగు ఫెర్డినాండో కారుల్లి (1770–1841), బార్సిలోనావాడగు ఫెర్నాండో సోర్ (1778–1839) అను ఇరువురు గిటారు ఆచార్యులుండిరి. ఆఱవ తీగను బొటనవ్రేలితో పైనుండి నొక్కుటను కారుల్లి అంగీకరించెను. సోర్ 1830లో ప్రకటించిన తన బోధనగ్రంథమున, బొటనవ్రేలు మెడ వెనుక నడుమ నిలిచి వ్రేళ్ళకు ఎదురుగా నుండుటయే తగునని వాదించెను. తరువాతి కాలమున సంప్రదాయ గిటారు సోర్ మార్గముననే నడచెను.

జానపద, జాజ్, రాక్ గీతములు వాయించువారు మఱియొక మార్గమును విడువలేదు. అమెరికా దేశపు మెర్ల్ ట్రావిస్ (1917–1983), జిమి హెండ్రిక్స్ (1942–1970) అనువారు బొటనవ్రేలిని మెడమీదికి తెచ్చి లావు తీగను నొక్కుటలో ప్రసిద్ధులు. హెండ్రిక్స్ ఎడమచేతివాటము వాడగుటచే ఆయనకు మెట్లపై నడచునది కుడిచేయి. (ఎడమచేతివాటము గల విద్యార్థులు ఈ వ్యాసమున "ఎడమ" అన్నచోట్ల "కుడి" అనియు, "కుడి" అన్నచోట్ల "ఎడమ" అనియు చదువుకొనవచ్చును.) వారి వాద్యముల మెడ సన్నము, ఆ పట్టునకు అది అనుకూలము. తీగను ప్రక్కకు లాగి స్వరమును సాగదీయునపుడు సైతము బొటనవ్రేలు మెడ అంచున తగిలియుండుట ఆధారముగా నుండును.

కావున నియమము కంటె దాని కారణము ముఖ్యము. ఒక స్వరమును పలికించుటకై బొటనవ్రేలు పైకి వచ్చినచో అది పని. పట్టు తప్పునను భయముచే పైకి వచ్చినచో అది దోషము. మొదట వెనుక నిలుచుట నేర్చుకొనుడు. అవసరమైనపుడు పైకి తెచ్చుట పిమ్మట సులభము. పైన పట్టుటయే అలవాటైనవానికి క్రిందికి దించుట కష్టమని మా యనుభవము.

చేయి చిన్నదని కుందువారు మఱియొకరి చరిత్రము వినవలెను. జాంగో రైన్‌హార్ట్ (1910–1953) అను వాద్యకారునికి 1928లో, పదునెనిమిదవ యేట, తాను నివసించు బండి తగులబడి, ఎడమచేతి ఉంగరపు, చిటికెన వ్రేళ్ళు చెడిపోయెను. ఆయన తక్కిన రెండు వ్రేళ్ళతోనే ప్రధానముగా వాయించుట క్రొత్తగా అభ్యసించి, ఐరోపా ఖండమున జాజ్ గిటారునకు అగ్రగణ్యుడయ్యెను. తనకున్న చేతిని ఎట్లు వాడవలెనో ఆయన కనుగొనెను. మన వ్రేళ్ళు ఎంత చిన్నవైనను, ఆయనకు మిగిలినవానికంటె ఎక్కువయే యున్నవి.

దినమునకు పది నిమిషములు

ఈ అభ్యాసమును ఒక మాసము చేయుడు. పాటలు వాయించుటకు ముందు చేసిన మేలు.

మొదటి రెండు నిమిషములు చేతిని మెడపై కుదిర్చి, ఏ తీగను నొక్కక, బొటనవ్రేలిని మెల్లగా తాకించి, ఎత్తి, మఱల తాకింపుడు. భుజము దిగియున్నదా, శ్వాస ఆడుచున్నదా చూచుకొనుడు. పట్టు కష్టమైనపుడు పిల్లలు ఊపిరి బిగబట్టుదురు.

తరువాతి మూడు నిమిషములు పైన చెప్పిన మూగ, జీర, స్వచ్ఛ స్వరముల పరీక్షను అయిదవ మెట్టు మొదలు ఒక్కొక్క వ్రేలితో చేయుడు.

పిమ్మట రెండు నిమిషములు ఒకే తీగపై మొదటి మెట్టు నుండి అయిదవ మెట్టునకును, మఱల వెనుకకును పొండు. పోవునపుడు బొటనవ్రేలు కూడ వచ్చుచున్నదా యని గమనింపుడు.

కడపటి మూడు నిమిషములు మీకు వచ్చిన కార్డు నొకదానిని పట్టి, ఒక్కొక్క తీగను వేఱుగా మీటి, బొటనవ్రేలిని తేల్చి, మఱల మీటుడు. మొదటి వారమున స్వరములు కొన్ని చచ్చును. అందుకు దిగులుపడవలదు.

తల్లిదండ్రులకు ఒక మనవి

మీ బిడ్డ నొప్పియని చెప్పినపుడు ఎక్కడ నొప్పి యని యడుగుడు. వ్రేళ్ళ కొనలు మండుట మొదటి వారములలో అందఱికిని సహజము. చర్మము గట్టిపడిన పిదప అది పోవును. కాని బొటనవ్రేలి మొదటను, మణికట్టునను, ముంజేతియందును నొప్పి కలుగుట సహజము కాదు. బొటనవ్రేలి ప్రక్క మణికట్టున స్నాయువుల తొడుగు దళసరియై బాధించు వ్యాధిని స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వెన్ 1895లో వర్ణించెను. చేతిని అదేపనిగా శ్రమపెట్టువారికి అట్టి బాధలు కలుగుచుండును. నొప్పి పుట్టిన వెంటనే వాయించుట ఆపవలెను. విశ్రాంతిచే తగ్గకున్నను, వ్రేళ్ళు తిమ్మిరెక్కుచున్నను వైద్యునికి చూపవలెను. నొప్పిని ఓర్చుకొనుటను శ్రద్ధయని మెచ్చుకొనవలదు. మేమట్లు మెచ్చుకొనియే చెడితిమి.

వాద్యమును కూడ పరీక్షింపుడు. పండ్రెండవ మెట్టు వద్ద మెట్టు పైభాగమునకును తీగకును నడుమ ఎడము ఉక్కుతీగల గిటారున సుమారు 2 నుండి 3 మిల్లీమీటర్లును, నైలాను తీగల గిటారున సుమారు 3 నుండి 4 మిల్లీమీటర్లును ఉండిన చాలును. పాత గిటారులలో మెడ వంగి ఈ ఎడము మిక్కిలి పెరిగియుండవచ్చును. అట్టి వాద్యముపై పెద్దల చేతులకును పట్టు చిక్కదు. బాగుచేయువానికి చూపినచో తఱచుగా స్వల్పవ్యయముతోనే సరియగును. చిన్నపిల్లలకు ముప్పాతిక కొలత, అరకొలత గిటారులును దొరకుచున్నవి. ఎడమచేతి గోళ్ళను పొట్టిగా కత్తిరించుట మఱవవలదు.

ఆ బాలుని గిటారు తీగలు ఎంత యెత్తుననుండెనో మేము కొలువలేదు. ఇప్పుడు కొలుచుటకు వీలును లేదు. మాకు వీణగురువుగారి మాటచే కన్ను తెఱచుకొనిన పిమ్మట అతని యింటికి పోయితిమి. అతడప్పటికి పై చదువునకై వేఱొక ఊరికి పోయియుండెను. గిటారును అమ్మివేసితిమని వాని తండ్రి చెప్పెను. "వానికి చేయి కుదరలేదండి" అని ఆయన మర్యాదగా ననెను. కుదరనిది చేయి కాదని మేము చెప్పితిమి. బాలునికి జాబు కూడ వ్రాసితిమి. "సెలవులలో వచ్చినపుడు మీ గిటారును ఒకసారి ఇచ్చెదరా?" అని అతడు బదులు వ్రాసెను.

ఈ సంచిక మీ చేతికి వచ్చునప్పటికి ఆ సెలవులు రాగలవు. మా గిటారునకు క్రొత్త తీగలు వేయించి, వాని ఎత్తును కొలిచి యుంచితిమి. అతడు వచ్చినచో పాఠమును అయిదవ మెట్టు వద్ద మొదలిడుదుము. మొదటి మాట, "నాయనా, బొటనవ్రేలిని వదలుము" అని చెప్పుదుము.